మూడు గెంతులు

పోయిన వారం మిమ్మల్ని కంచరపాలెంలో, అనీస్ టైర్ల షాపు ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టేసి వెళ్ళిపోయాను. అప్పటికి నా చేతిలో వీల్ పానా ఉంది, దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకునే ఉన్నాను. ఆ భాగం చదవని వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. చదివిన వాళ్ళు ఈలోగా మంచినీళ్ళు తాగి రండి.

నా పేరు సత్యశ్రీ. మా నాన్న తవిటయ్య పెట్టిన డ్రైవింగ్ స్కూలు ఇప్పుడు నేను నడుపుతున్నాను. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, పాతికేళ్ళు దాటిన ఒక మారుతి ఎనిమిది వందలు. ఆ బండి ఎడమ ముందు చక్రానికి ఉన్న నాలుగు స్టడ్డుల్లో రెండు విరిగిపోయాయి. స్టడ్డంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే మరల కడ్డీ, నట్టు ఎక్కేది దాని మీదే. పది రోజుల క్రితం ఒకటి విరిగితే ఇంకా మూడున్నాయి కదా అని ఊరుకున్నాను. ఆదివారం పొద్దున ప్రాక్టీసులో చక్రం టకటకమంటుంటే దిగి చూశాం, రెండోదీ లేదు.

సోమవారం తొమ్మిది గంటలకి కాంతం లైసెన్సు పరీక్ష. కాంతం మల్కాపురంలో క్యాంటీను వంటమనిషి. యాభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా పొయ్యి ముందు నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయి, ఇక కూర్చుని చేసే పని ఏదైనా చేస్తానని నా దగ్గరకి వచ్చింది. మధురవాడలో ఆడపిల్లల హాస్టల్ వార్డెను ఆవిడకి వ్యాను తోలే ఉద్యోగం ఇస్తానంది. మంగళవారం పొద్దునకల్లా లైసెన్సు కాగితం చూపించాలి, లేకపోతే ఆ తాళాలు ఇంకొకరికి వెళ్ళిపోతాయి. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. ఈ బండి తప్ప ఇంకో బండి ఆవిడకి తోలడం రాదు. ఎక్కించి చూశాను, ఏడ్చేసింది.

నెల క్రితం ఆ బండి నాలుగు టైర్లూ మార్చినవాడు అనీస్. ఎయిర్ గన్నుతో డర్రుమని నట్లు బిగించినవాడూ వాడే. ఇంకెవరు పాడు చేస్తారు చెప్పండి? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బండిని మనిషి నడకకంటే మెల్లగా నడిపించుకుంటూ వాడి షాపుకి తెచ్చి, పానా ఎత్తి నోరు పారేసుకున్నాను. కథ అక్కడే ఆగింది.

"నా బండిని సంపీసినావు కదరా! నీ గన్ను నిప్పుల్లో పడెయ్య! రేపు తొమ్మిదింటికి టెస్టురా, ఈవిడకి నువ్వు బదులు సెప్తావా?"

పక్కనే కాంతం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు.

అనీస్ ముప్పై ఏళ్ళవాడు, మెత్తనివాడు. గన్ను కింద పెట్టి రెండు చేతులూ చూపించాడు. "అక్కా, నీ తోడు, నాను గన్ను తక్కువ స్పీడులోనే కొట్టినాను. ఆకర్న సేత్తోనే బిగించినాను."

"మరి నాను ఇరగ్గొట్టినానేటి?"

"అది నాకేటి తెలుసక్కా?"

ఇంకో మాట అనేదాన్నే. షాపు లోపలి నుంచి వాడి తల్లి జైతూన్ బీ బయటికి వచ్చింది. ఆవిడ గురించి కాస్త తెలియాలి. భర్త మంచాన పడ్డ రోజుల్లో ఆవిడే ఈ షాపులో కూర్చుని లారీ టైర్లకి పంక్చర్లు వేసింది. ఇప్పుడు అరవై దాటాయి, మోకాళ్ళు నొప్పులు, అయినా చక్రం శబ్దం వింటే చాలు, బండికి ఏమైందో చెప్పేస్తుంది. అల్లుకుంటున్న దారపు ఉండ పక్కన పెట్టి, చెప్పులేసుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అరె, ఏటే బేటీ ఈ గోల? ముందు ఆ పానా దింపు. సెయ్యి నొప్పెడతాది."

దింపాను. నిజంగానే చెయ్యి నొప్పి పెడుతోంది.

"మా వోడు తప్పు సేసుంటే నానే ఆడి సెవి మెలిపెడతాను. సెయ్యలేదనుకో, నువ్వేటి సేస్తావు?"

"సెమించమని అడుగుతాను."

"ఎలగ?"

"ఎలగంటే... నోటితోనే."

"ఇప్పుడు తిట్టినంత గట్టిగా అడగాల. తిట్టినప్పుడు ఈదంతా ఇన్నాది కదా, అది గూడా ఈదంతా ఇనాల."

టీ కొట్టు దగ్గర ఎవరో "బాగుంది, బాగుంది" అన్నారు. నేను సరేనన్నాను. తప్పు వాడిదేనని అంత గట్టి నమ్మకం నాకు.

జైతూన్ బీ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత కొడుకుతో నాలుగు చక్రాల దగ్గరా జాకీ వేయించి, ఒక్కో చక్రం నుంచి ఒక్కో నట్టు విప్పించింది. పానా కాదు, గన్ను కాదు, ఆ నట్టుని ఉత్త వేళ్ళతో మళ్ళీ స్టడ్డు మీదికి తిప్పమంది. తిప్పాల్సింది వాడు కాదు, నేను.

"నువ్వే తిప్పు. తరవాత మా వోడు ఏదో సేసినాడని అనకూడదు."

వెనక కుడి చక్రం. నట్టు రెండు వేళ్ళతో జర్రుమని చివరిదాకా వెళ్ళింది. వెనక ఎడమ, అదీ అంతే. ముందు కుడి, అది ఇంకా నునుపుగా వెళ్ళింది. నాకు అనుమానం మొదలైంది, కానీ ఒప్పుకోలేదు.

ముందు ఎడమ చక్రానికి మిగిలిన రెండు స్టడ్డుల్లో ఒకదాని మీద నట్టు తిప్పాను. నాలుగు చుట్లు తిరిగింది, ఆగిపోయింది. వేలు ఎర్రబడేలా తిప్పినా కదలదు. రెండోదీ అక్కడే ఆగింది.

జైతూన్ బీ చక్రం ఊడదీయించి, గుడ్డని కిరసనాయిల్లో ముంచి ఆ స్టడ్డు తుడిచి, నా తల వంచి చూపించింది. లాగిన జంతికల పిండిలా అది మధ్యలో సన్నబడి ఉంది. మరలు అక్కడ ఒకదానికొకటి దూరంగా జరిగిపోయాయి. అందుకే నట్టు ఎక్కడం లేదు.

"ఇది ఇరిగిపోడానికి సిద్ధంగా ఉంది, సూసినావా? ఒక్కసారి కొడితే ఇలగవదు. ఎన్నేళ్ళో లాగి లాగి సంపితేనే ఇలగవుద్ది. మా వోడు గన్ను కొడితే నాలుగు సక్రాలకీ కొట్టినాడు కదా. ఆ మూడూ సుబ్బరంగా ఉన్నాయి. ఈ ఒక్కదాన్నే పట్టుకుని ఏలాడుతున్నదెవరు?"

నేను దిక్కులు చూశాను. ఎందుకంటే నాకు అప్పటికే తెలిసిపోయింది.

ఆ చక్రం మా స్కూలు పాఠపు చక్రం. చక్రం విప్పి మళ్ళీ బిగించడం వచ్చేదాకా తన దగ్గర నుంచి ఎవరూ వెళ్ళకూడదని మా నాన్న మొదటి రోజు నుంచీ పెట్టిన నియమం. నేర్పడానికి బండిని రోడ్డు పక్కకి ఆపుతాం కదా, ఎడమవైపు అయితే వచ్చేపోయే బండ్లకి దూరంగా ఉంటుంది. అందుకని ఎప్పుడూ అదే చక్రం. టైర్లు మారాయి, సీట్లు మారాయి, నేనే చిన్న పిల్ల నుంచి స్కూలు ఓనరునయ్యాను, ఆ స్టడ్డులు మాత్రం అవే. మా దగ్గర నేర్చుకున్న పదకొండు వందల మంది చేతులూ వాటి మీద పడ్డాయి.

నేను బిక్కమొహం వేసుకుని ఉంటే, ఏమీ తెలియని కాంతం ఉత్సాహంగా ముందుకొచ్చింది. "మరేటమ్మా, ఆ సక్రం మావే ఇప్పుతాం! అందరం ఇప్పుతాం. నాను ఆరుసార్లు ఇప్పినాను."

"ఎలగ బిగిస్తావు?" అని అడిగింది జైతూన్ బీ.

"సూపించమంటారేటి?"

"కాంతం, వద్దు" అన్నాను.

"అదేటి మేడం, వొచ్చును కదా నాకు! సూడండి."

నన్ను పక్కకి తోసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. చక్రాన్ని ఎక్కించి, ఆ రెండు నట్లూ పానాతో పట్టిన చోటిదాకా తిప్పింది. తర్వాత జాకీ దించి, పానాని నేలకి అడ్డంగా పెట్టి, బండి కప్పు పట్టుకుని, కుడికాలు పానా చివర వేసి ఎక్కి నిలబడింది. యాభై రెండేళ్ళ మనిషి, బాగా ఉన్న మనిషి, మా నాన్న నేర్పింది నేర్పినట్టు వీధి మొత్తానికి వినిపించేలా చెప్పింది.

"ఒకటి అమ్మకి!" అని ఒక గెంతు గెంతింది. బండి కిర్రుమంది.

"రెండు నాన్నకి!" ఇంకో గెంతు.

"మూడు నూకాలమ్మ తల్లికి!"

ఆ మూడో గెంతుకి టప్పుమని శబ్దం వచ్చింది. పానా గిర్రున తిరిగి రోడ్డు మీద పడింది. కాంతం అనీస్ పేర్చిన పాత టైర్ల మీద కూలబడింది, అదృష్టం కొద్దీ టైర్లు మెత్తన. విరిగిన స్టడ్డు ముక్క నట్టుతో సహా దొర్లుకుంటూ వెళ్ళి టీ కొట్టాయన కాలి దగ్గర ఆగింది.

 వీధిలో అందరూ పడీపడీ నవ్వారు. టీ కొట్టాయనైతే స్టవ్వు కట్టేసి మరీ నవ్వాడు. అనీస్ నవ్వకూడదని పెదవి కొరుక్కుంటూ, "అక్కా, నా గన్ను ఈవిడ ముందు ఏటికీ పనికిరాదు" అన్నాడు.

కాంతం మాత్రం లేవకుండానే నా వైపు చూసింది. "మేడం, నాను ఇరగ్గొట్టీసినానా? అయితే రేపు టెస్టు నేదా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు కాదు. మేం నేర్పింది నువ్వు సేసినావు. తప్పు మాది" అన్నాను.

నాన్నకి ఫోను చేశాను. పావుగంటలో స్కూటరు మీద దిగాడు. డెబ్భై ఒకటి, లుంగీ, భుజాన తువ్వాలు. స్టాండు వెయ్యకముందే మొదలుపెట్టాడు.

"నా సదువుకి వొంకలెట్టినోడెవుడు? ముందుకి రమ్మను!"

"నానే తవిటన్నా" అంది జైతూన్ బీ. నాన్న గొంతు కాస్త తగ్గింది. ఆవిడతో నాన్న గొంతెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు.

"జైతూనమ్మా, నీకు తెలవందేటున్నాది. సక్రం గట్టిగా బిగించాలా, వొద్దా?"

"బిగించాల. పోర్టులో నువ్వు ట్రైలర్ తోలినప్పుడు ఒక్కో నట్టుకి ఎన్ని గెంతులు గెంతేవోడివి?"

"మూడు."

"ఆ ట్రైలరు ఎంత బరువు లాగేది?"

"ముప్పై టన్నులు. ఒక్కోపాలి నలభై."

జైతూన్ బీ మా మారుతి వైపు చూసింది. నాన్న కూడా అటే చూశాడు. అనీస్ మళ్ళీ వేసిన జాకీ మీద ఒక పక్కకి ఒరిగి, మా బండి నిజంగానే చాలా చిన్నగా కనిపించింది.

నాన్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.   అనీస్ ఇచ్చిన స్టూలు మీద కూర్చుని చెప్పాడు.

"ఎల్లారావని నా కిలీనరు. ఒకపాలి ట్రైలరు సక్రం ఇప్పి బిగించినాం. బేగి పోవాలని నాను ఒక్క గెంతే గెంతినాను. గేటు దాటగానే సక్రం ఊడిపోనాది, ఆడి కాలు మీంచి పోనాది. ఆడికి కాలు నేదు. నాను ఆ రోజు నుంచీ మూడు గెంతులకి తక్కువ గెంతనేదు. నా దగ్గర నేర్సుకున్నోడెవుడికీ అలగ కాకూడదనే కదే, సత్తీ."

నాకు ఆ సంగతి అంతవరకు తెలియదు. చిన్నప్పటి నుంచీ ఆ మూడు గెంతుల్ని ఆటలాగా గెంతాను, ఆటలాగే నేర్పాను. మా నాన్న మీద కోపం రాలేదు, జాలి కూడా కాదు, ప్రేమే వచ్చింది. కానీ ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎవరితోనూ అనుకోం. అందుకని టీ చెప్పాను.

జైతూన్ బీ గొంతు కూడా మెత్తబడింది. "లూజు బిగిస్తే ఊడుతుంది, మరీ బిగిస్తే ఇరుగుతుంది తవిటన్నా. లారీ స్టడ్డు నా బొటనేలంత లావు. ఇది సిటికినేలంత. దీనికి నీ సేతి బలం సాలు, ఒంటి బరువు ఒద్దు" అంది.

అప్పుడు నేను లేచాను. మాట ఇచ్చాను కదా. రోడ్డు మధ్యకి వెళ్ళి, ఇందాక తిట్టిన గొంతుతోనే అరిచాను. "అనీసు ఏ తప్పూ సెయ్యనేదు! ఆడి గన్నూ ఏ తప్పూ సెయ్యనేదు! తప్పు మా స్కూలుది! నన్ను సెమించాల!" మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ ఏమైందమ్మా అని అడిగింది. మొత్తం మొదటి నుంచి ఆవిడకి కూడా చెప్పాల్సి వచ్చింది. అనీస్ సిగ్గుపడిపోయి షాపు లోపలికి దూరాడు.

వాడిని జైతూన్ బీ బయటికి లాగింది. "సిగ్గు తరవాత పడుదువు. నాలుగు కొత్త స్టడ్డులు తే."

"ఆదివారం కదమ్మీ, పార్టుల షాపులన్నీ మూసీసుంటాయి."

"షాపు మూస్తే షాపాయన గూడా మూసుకుపోతాడేట్రా? ఇంటికెళ్ళి లేపు. కాంతం టెస్టుందని సెప్పు."

కాంతం ఎవరో ఆ షాపాయనకి ఎలా తెలుస్తుందని వాడు అడగలేదు. బైకు తీసుకుని వెళ్ళి, మూడున్నరకి కాగితం పొట్లంలో నాలుగు స్టడ్డులూ, నాలుగు కొత్త నట్లూ పట్టుకొచ్చాడు. భోజనం మీద నుంచి లేపినందుకు షాపాయన తిట్టిన తిట్లు కూడా పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

అడ్డొచ్చిన భాగాలన్నీ విప్పి, ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తూ పాత స్టడ్డుల మొదళ్ళు వెనక్కి ఊడగొట్టారు. ఇంకా విరగని ఆ నాలుగోదాన్ని కూడా వదల్లేదు. మూడు కొత్తవి, ఒకటి పాతది పెడితే బరువంతా ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసని జైతూన్ బీ ఒప్పుకోలేదు. కొత్త స్టడ్డుని వెనక నుంచి దూర్చి, ముందు నుంచి వాషర్లు వేసి నట్టు మెల్లగా తిప్పుతుంటే, అది తనంతట తనే లోపలికి జరిగి కూర్చుంది. ఆ నట్టు తిప్పింది కాంతం. క్యాంటీనులో పాతిక కిలోల పప్పు గరిటెతో తిప్పే చెయ్యి అది. ఎక్కడా తొందరపడలేదు.

చక్రం ఎక్కించాక జైతూన్ బీ ఆవిడ చేతికి పొట్టి పానా ఇచ్చింది. ఒక నట్టు బిగించాక పక్కది కాదు, ఎదురుది బిగించాలి. అన్నీ కొద్ది కొద్దిగా, రెండు మూడు విడతల్లో. పానా ఇక రానని గుర్రుమనగానే ఆపెయ్యాలి. కాంతం అలాగే చేసింది. నాలుగో నట్టు దగ్గర అలవాటు కొద్దీ కాలు పైకి లేచింది.

"కాలు!" అని ముగ్గురం ఒకేసారి అరిచాం.

కాలు దించేసింది. నాన్న కూడా నవ్వాడు. అప్పటికి అయిదున్నర అయింది. బండిని కంచరపాలెం మెట్టు దాకా తోలి వెనక్కి తీసుకొచ్చింది కాంతం. చక్రం చప్పుడు లేదు. దిగి, బండికి దణ్ణం పెట్టి, జైతూన్ బీకి దణ్ణం పెట్టి, అక్కడితో ఆగక టీ కొట్టాయనకి కూడా పెట్టింది. "రేపు టెస్టైపోయి మంగళవారం వొచ్చీస్తే బాగుణ్ణు మేడం" అంది.

అందరం నవ్వుతుంటే నాన్న మాత్రం నా ఫోను వైపు చూస్తున్నాడు.

"సత్తీ, మన పాతోళ్ళందరికీ ఒకే దాన్లో మాట పంపుతావు కదా, అది తియ్యి."

మా స్కూలులో నేర్చుకున్న వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఆరు వందల మంది. దసరా శుభాకాంక్షలకి తప్ప దాని జోలికి వెళ్ళను.

"పదకొండొందల మంది ఈ ఊర్లో గెంతుతన్నారే. ఇప్పుడే సెప్పీయాల" అన్నాడు.

ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పోర్టులో దూరంగా ఉన్న వాడిని పిలిచినట్టు చెప్పాడు. "నాను తవిటయ్యని. మూడు గెంతులు తప్పు. నానే తప్పు నేర్పినాను. ఇంక ఎవులూ గెంతొద్దు. గెంతినోళ్ళు రేపు పొద్దున్నే స్టడ్డులు సూపించుకోండి. సెమించండి." ఇంత చెప్పి ఫోను నాకిచ్చేసి, తువ్వాలు దులుపుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

రెండు నిమిషాల్లో ఫోను మోత మొదలైంది. ఒకాయన, గురువుగారూ నా చక్రం మూడేళ్ళుగా ఊడి రావడం లేదు, ఇప్పుడు తెలిసింది కారణం అన్నాడు. ఒకమ్మాయి, మా అత్తగారికి కూడా గెంతడం నేర్పేశాను అంది. ఇంకొకాయన కారుకి కాదు, సైకిలుకి గెంతాడట. నేను పైకి చదువుతుంటే కాంతం, అనీస్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నాన్న కూడా మెల్లగా ఇటు తిరిగాడు.

తర్వాత వచ్చిన దాన్ని సగం వరకు పైకే చదివాను. అది గ్రూపులో కాదు, విడిగా నాకే వచ్చింది, దొరబాబు గారి దగ్గర నుంచి. ఆయన పదిహేనేళ్ళ క్రితం మా నాన్న దగ్గర నేర్చుకుని, చదువుకుని పరీక్షలు రాసి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అయ్యారు. కాంతాన్ని రెండుసార్లు తప్పించింది ఆయనే. సోమవారం తొమ్మిదింటికి పరీక్ష తీసుకోవలసిందీ ఆయనే.

"గురువుగారూ, చాలా ఆలస్యంగా చెప్పారు! మా ఆవిడ టైపు చేస్తోంది, నేను స్టీరింగు మీద ఉన్నాను. పొద్దున అరకు వచ్చేటప్పుడు మా నాన్న పాత కారు పంక్చరైంది. స్టెప్నీ వేసి మూడు గెంతులూ గెంతాను, మూడోది మరీ గట్టిగా. ఒక స్టడ్డు విరిగింది, ఇంకా మూడున్నాయి కదా అని ఊరుకున్నాను. ఇందాకటి నుంచి ఆ చక్రం టకటకమంటోంది. పిల్లలు నిద్రపోతున్నారు. ఘాట్ దిగడం మొదలుపెట్టాం. రాత్రికి ఇల్లు చేరి చూసుకుంటాను. రేపు మీ కాంతాన్ని తొమ్మిదింటికి రమ్మనండి."

 ఆ ఘాట్ రోడ్డు మీకు తెలుసు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మలుపు తర్వాత మలుపు. బండి అక్కడే ఆపెయ్యమని ఆయనకి చెప్పాలి. ఆపితే ఆదివారం సాయంత్రం ఆ కొండ మీద పాత కారుకి స్టడ్డులు దొరకవు. రేపు తొమ్మిదింటికి ఆయన పరీక్ష మైదానంలో ఉండరు. ఆయన లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే మంగళవారం హాస్టల్ వ్యాను తాళాలు ఇంకెవరి చేతికో వెళ్ళిపోతాయి.

నిజం చెప్తాను, దాచను. ఒక్క క్షణం నా వేలు ఆగింది. ఇంకా మూడున్నాయి కదా, దిగిపోతారులే అనుకున్నాను. పది రోజుల క్రితం నా బండి గురించి నేను అనుకున్న మాటే అది. నా మీద నాకు అసహ్యం వేసింది.

కాంతం నా మొహం చూసింది. ఫోను తీసుకుంది. చదవడం ఆవిడకి నెమ్మది, ఒక్కో మాటా పెదవులతో కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. రేపు తొమ్మిదింటికి రమ్మనండి అన్న చోట ఆగింది.  తర్వాత మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంది.

"సారూ, నాను కాంతాన్ని. మీరు రెండుపాలీలు తప్పించినారు కదా, ఆ కాంతాన్ని. బండి ఆపీయండి సారూ. ఇంకొక్క మలుపు గూడా దిగొద్దు. కొండ పక్కకి ఆపీసి, రాయి అడ్డం ఎట్టి, పిల్లల్ని దింపీయండి. రేపు మీరు రాకపోయినా పర్లేదు. నాకు టెస్టు నేకపోయినా పర్లేదు. ఆపీయండి సారూ."

ఫోను నాకు తిరిగిచ్చింది. నేను వెంటనే ఆయనకి ఫోను చేశాను. కవరేజీ ప్రాంతంలో లేరని వినిపించింది. ఆయన భార్యకి చేశాను, అదే మాట. నాన్న స్టూలు మీంచి లేచాడు.

"శృంగవరపుకోట మీద నుంచే రావాల కదా. ఎదురెల్దాం" అంది కాంతం. అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని బెల్టు పెట్టేసుకుంది. "మీరు ఫోను సేత్తా ఉండండి మేడం, నాను తోల్తాను."

అనీస్ జాకీ, సుత్తి, ఇత్తడి కడ్డీ డిక్కీలో పడేశాడు. నాన్నా, జైతూన్ బీ, వాడూ వెనక సీట్లో సర్దుకున్నారు. నేను కాంతం పక్కన కూర్చుని ఫోను చూశాను. ఆవిడ పంపిన మాట పక్కన ఒక్క టిక్కే ఉంది. రెండోది పడలేదు, అంటే మాట ఆయనకి ఇంకా చేరలేదు.